చేతి మీద పెరిగిన చలి

భీమిలి ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ అక్కడ మంచుసముద్రం కట్టాలనుకోరు. శివరాత్రి దాటకుండానే చొక్కా వీపుకి అతుక్కుపోయే ఊరది. ఉప్పుగాలి ఇనప గేట్లని ఒక్క వర్షాకాలంలో నమిలేస్తుంది. అలాంటి చోట ధ్రువాల పక్కన బతికే జీవాల్ని పెంచుతానని డాక్టర్ గౌరీశ్వరి పూనుకుంది. ఆమె ఒకసారి పూనుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదని తమ్ముడు సన్యాసిరావుకి చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే వాదన పెట్టుకోకుండా పైపులు కొయ్యడం మొదలుపెట్టాడు.

సన్యాసిరావు రొయ్యల హేచరీలకి నీటి పైపులు వేసే కాంట్రాక్టరు. అప్పగారు పనిచేసే సముద్ర పరిశోధన కేంద్రంలో టాంకు కట్టే పని అతనికే వచ్చింది. రావడమంటే మామూలుగా రాలేదు. రోజుకో తగువుతో వచ్చింది. ఒక చోట ఇత్తడి స్క్రూ వాడాడని గౌరీశ్వరి అమర్చిన గొట్టమంతా ఊడదీయించింది. ఇత్తడిలోని రాగి ఉప్పునీట్లో కరిగితే మెత్తటి జీవాలన్నీ చచ్చిపోతాయంది. అక్కడెక్కడో మూలనున్న స్క్రూ నీటికి ఎలా తగులుతుందని అతను గొణిగాడు గానీ, ఊడదీసిన స్క్రూ మీద అప్పుడే పచ్చటి చిలుము పట్టి ఉండడం చూసి నోరు మూసుకున్నాడు.

ఆ రోజుల్లో ఉత్తరధ్రువం దగ్గరి సముద్రాలు వేడెక్కిపోయి, అక్కడి జీవాలకి నిలవనీడ లేకుండా పోయింది. మిగిలిన కొద్దివాటినీ ఓడల్లో ఎక్కించి, చల్లటి నీళ్లు ఇవ్వగలమన్న దేశాలకి పంచుతున్నారు. గౌరీశ్వరి కూడా చెయ్యెత్తింది. మొదటిసారి అందరిలాగే కరెంటుతో నడిచే చల్లబరిచే యంత్రాలు పెట్టింది. తుపాను వచ్చింది, కరెంటు పోయింది, జనరేటర్ గదిలోకి నీళ్లొచ్చాయి. మధ్యాహ్నానికి టాంకులో ఒక్కటీ మిగల్లేదు. చచ్చినవాటిని ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే బకెట్లతో ఎత్తిపోసింది. ఆ సాయంత్రం తమ్ముడింటికి వచ్చి, ఇక యంత్రాన్ని నమ్మనని ఒక్క మాట అని అన్నం ముందు కూర్చుంది. అన్నట్టే నమ్మలేదు.

ఆమె నమ్మింది ఒక పాచిని. పరిశోధన ఓడ లోతు సముద్రం అడుగు నుంచి తెచ్చిన రాళ్ల మీద బూడిదరంగు పొర ఒకటి అంటుకుని ఉండేది. మొక్క ఎండని తిన్నట్టు అది వేడిని తింటుంది. తిన్న వేడిని మైనపు గింజల్లా రాల్చేస్తుంది. ఆ గింజల్ని ఏరి బయట ఎండలో పోస్తే, దాచుకున్న వేడంతా వదిలేసి కరిగిపోతాయి. టాంకు లోపలి గోడల నిండా ఆ పాచి పట్టిస్తే ఏ యంత్రమూ లేకుండా నీరు మంచులా ఉంటుంది. చలిపాచి అని దానికి పేరు పెట్టింది కూడా ఆమే.

చిక్కల్లా విత్తనంతోనే. గాజు పెట్టెల్లో ఎంత చక్కటి వెచ్చదనం అమర్చినా పాచి నిద్రపోయేది. ఒకసారి గౌరీశ్వరి తొడుగు లేకుండా ఎడం చేత్తో దాన్ని గీకింది. గంటలో చేతి మీద పాచి కదిలింది. నిద్రకీ నడకకీ తిండికీ హెచ్చుతూ తగ్గుతూ ఉండే వంటి వేడే దానికి కావాలని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి ఎడం చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా తడిగుడ్డ తొడుగు వేసుకుని, దానికింద పాచిని పెంచడం మొదలుపెట్టింది. కొత్తలో దాన్ని కడిగేస్తే పోయేది. ఆమె కడగలేదు.

ఆమె ఒంటరి మనిషి, తమ్ముడింట్లోనే ఉంటుంది. పొద్దున్నే పొగలు కక్కే టీ గ్లాసు ఆ ఎడం చేత్తో పట్టుకుని పేపరు తిరగేస్తే, రెండో పేజీకి వెళ్లేసరికి టీ చల్లారిపోయేది. వేసవిలో మా అప్ప చేతికి మజ్జిగ గ్లాసిస్తే ఫ్రిజ్ ఎందుకని సన్యాసిరావు వచ్చినవాళ్లందరినీ నవ్వించేవాడు. నవ్వులో గర్వం కూడా ఉండేది. ఈ ఊళ్లో పుట్టి, ఈ ఉక్కపోతలో పెరిగిన మనిషి తన చేతి మీద చలిని పండిస్తోందంటే తమ్ముడైనవాడికి గర్వం కాక మరేముంటుంది?

పాచి పట్టాక కూడా టాంకులోకి వెంటనే జీవాల్ని దించడానికి వీల్లేదు. కొత్త నీరు ముదరాలి. చేపల మలాన్ని అరిగించుకునే సూక్ష్మజీవులు అందులో పుట్టాలి. అందుకోసం గౌరీశ్వరి ఒక రొయ్య ముక్కని నీళ్లలో వేసి కుళ్లనిచ్చింది. మామూలు నీట్లో నెలలో అయ్యే పని చల్లటి నీట్లో సాగి సాగి జరుగుతుంది. ఖాళీ టాంకుని చూడలేక పై ఆఫీసువాళ్లు తొందరపెట్టారు. ఆమె రోజూ నీటిని పరీక్షించి, ఇంకా పచ్చిగానే ఉందని చెప్పి పంపేసేది. సన్యాసిరావు చొక్కాకి పట్టిన కుళ్లు వాసనకి అతని భార్య నూకరత్నం రోజూ ముక్కు మూసుకునేది.

చివరికి ఓడ వచ్చింది. ముందు మొండిప్రాణాలైన నత్తల్ని దించారు. అవి బతికి గోడలు నాకుతుంటే, పువ్వుల్లా రేకులు విప్పే ఎనిమోన్లని రాళ్ల మీద కూర్చోబెట్టారు. తరవాత ఎర్రటి నక్షత్ర చేపలు. అవి నిలదొక్కుకున్నాక, ముసలి ముఖాలు పెట్టుకున్న బూడిదరంగు తోడేలు చేపల జంట వచ్చింది. ప్రతిదాన్నీ తెచ్చిన సంచీతో సహా తేలేసి, టాంకు నీటిని సన్నటి గొట్టంతో సెలైన్ ఎక్కించినట్టు చుక్కచుక్కగా అలవాటు చేసి, అప్పుడు వదిలింది గౌరీశ్వరి. కాలు కదపకుండా పక్కనే నిలబడేది. బయట రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే లోపల అద్దం వెనక ధ్రువ సముద్రం మెల్లగా కదులుతుండేది. ఇదంతా తన పైపుల్లోంచి పారే నీరేనా అని సన్యాసిరావు అద్దం ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయేవాడు.

ఆఖరున ఆక్టోపస్ వచ్చింది. ఇటుకరంగుది, ఆడది. ఆ జాతిలో మిగిలినవాటిలో కడుపుతో ఉన్నది అదొక్కటేనని ఓడవాళ్లు చెప్పారు. దాని తెలివికి భయపడి సన్యాసిరావు టాంకు మూతకి నాలుగు వైపులా కొక్కాలు బిగించాడు. అది పారిపోయే ప్రయత్నమే చెయ్యలేదు. రాళ్ల మధ్య గూడు చూసుకుని, పైకప్పు నుంచి ద్రాక్షగుత్తుల్లా గుడ్లు వేలాడదీసి, వాటి కింద కూర్చుంది. ఆ నీరు చెడకుండా, చల్లదనం తగ్గకుండా ఏడాది పైన ఉంటేనే పిల్లలు బయటికొస్తాయి. అన్నాళ్లూ తల్లి తిండి ముట్టదు. గుడ్ల మీదికి నీరు ఊదుతూనే ఉంటుంది, అవి పగిలాక చనిపోతుంది. ఇదంతా గౌరీశ్వరి మామూలుగానే చెప్పింది.

గోడల మీది పాచి మూడు నెలలకోసారి ముసలిదై రాలిపోతుంది. మళ్లీ ఆమె చేతి మీదినుంచి తీసి కొత్తది పట్టించాలి. అందుకని ఆ చేతికి విశ్రాంతి లేదు. మెల్లగా అది బరువెక్కింది, వేళ్లు కొంకర్లు పోయేవి. పని నుంచి వచ్చి మంచం మీద చెయ్యి పట్టుకుని కూర్చుంటే చూడలేక నూకరత్నం మూకుట్లో ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టింది.

"కాపడం పెడితే నెప్పి లాగేస్తాది వదినా" అంది.

కాపడం పెట్టేది మాత్రం సన్యాసిరావే. రోజూ సాయంత్రం అప్ప పక్కన చేరి, వేడి ఉప్పు మూటని మణికట్టు నుంచి పైకి అద్దుతూ, టాంకు కబుర్లు చెప్పించుకునేవాడు. మూట అలా అద్దగానే చల్లారిపోయేది. నూకరత్నం ఇంకోటి అందించేది. ఆమె కళ్లు మూసుకుని, హాయిగా ఉందనేది. అతనికి అది చాలు. అంత పెద్ద అప్పకి తాను చెయ్యగలిగిందేదో ఒకటి ఉందని సంతోషపడేవాడు.

చలికాలం మొదట్లో ఆమె మెట్ల మీద తూలి పడింది. ఆస్పత్రిలో డాక్టరు తొడుగు విప్పించి చూశాడు. పాచి చర్మం పైన కాదు, లోపల ఉంది. బూడిదరంగు గీతలు మోచెయ్యి దాటి జబ్బ దాకా పాకాయి. భుజం దాటి గుండె వైపు వెళితే తన చేతిలో ఏమీ ఉండదన్నాడు. ఇప్పుడైతే వైద్యం సులువే, చేతిని కొన్నాళ్లు మంచులో ఉంచితే తిండి లేక చచ్చిపోతుంది. ఇంత వేగంగా పైకెక్కడానికి కారణమేంటని అడిగి, ఏమైనా వేడి తగులుతోందా అన్నాడు. సన్యాసిరావు ఉప్పు కాపడం సంగతి చెప్పాడు. డాక్టరు అది వెంటనే ఆపమని చెప్పి మందులు రాశాడు.

అప్పా తమ్ముడూ ఇంటికొచ్చారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ సన్యాసిరావు అడిగాడు.

"కాపడం పెడితే అది పెరుగుతాదని నీకు తెలుసా అప్పా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటిరోజు నుంచీ" అంది గౌరీశ్వరి. "గుడ్లు పెట్టాక టాంకుకి ఎక్కువ పాచి కావలిసొచ్చింది. నా ఒంటి వేడి ఒక్కటీ సరిపోలేదు."

"అంటే నా చేత్తో నేనే దాన్ని మేపీసేను."

"మేపేవు. నీ మేతతోనే టాంకు నిలబడింది సన్యాసీ."

ఆమె అది మెచ్చుకోలుగానే అంది. అందుకే అతనికి మరీ మండింది. సాయంత్రాలన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఆ మూటలు, ఆ కబుర్లు, హాయిగా ఉందన్న మాట. తన ప్రేమని అప్ప కట్టెల్లా పొయ్యిలో పెట్టుకుందని అనిపించింది. మంచులో చెయ్యి పెట్టమని గట్టిగా చెప్పాడు. గుడ్లు పగిలేదాకా ఆగమందామె. నువ్వు ఆగుతావేమో, అది ఆగదు కదా అని అరిచి బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఉప్పు మూట ఆగిపోయింది, మాటలూ ఆగిపోయాయి.

పనికి మాత్రం వెళ్లక తప్పలేదు. కాపడం లేక చేతి మీది పాచి పలచబడింది, టాంకుకి చాలినంత రావట్లేదు. నీటి వేడి కొద్దికొద్దిగా ఎక్కుతోందని అద్దానికి వేలాడే మీటరు చూపిస్తూనే ఉంది. తోడేలు చేపలు అడుగున మొగాలు ఆనించుకుని పడుకున్నాయి. ఆక్టోపస్ ఒళ్లు పాలిపోయింది, అయినా గుడ్ల మీదికి నీరు ఊదడం ఆపలేదు. పైపు బిగించే నెపంతో సన్యాసిరావు దాని ఎదురుగా కూర్చుండిపోయేవాడు. దాని మీద కోపం వచ్చేది, జాలీ వేసేది. దాన్ని ఇంత దూరం తెచ్చి, ఇంతకాలం కాపాడిన మనిషిని తిట్టుకుంటూనే, ఆమెకి తప్ప ప్రపంచంలో ఎవరికి చేతనవును ఈ పని అనుకునేవాడు.

ఒకరోజు పొద్దున్న స్నానం చేస్తుంటే నూకరత్నం కేక వినిపించింది. తువ్వాలు చుట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాడు. గౌరీశ్వరి పొయ్యి ముందు నిలబడి, ఉడుకుతున్న ఎసరు ఆవిరి మీద ఎడం చెయ్యి చాపి ఉంది. మోచేతి కింద చర్మం బొబ్బలెక్కి ఉంది. నూకరత్నం ఆ చెయ్యి లాగి పట్టుకుని ఏడుస్తోంది. గౌరీశ్వరి తన చేతి వంక వింతగా చూసుకుంటోంది.

"కాలిందా?" అంది. "నాకు తెలీలేదు."

సన్యాసిరావుకి కోపమంతా ఎక్కడికో పోయింది. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, బొబ్బల మీద చల్లటి నీళ్లు పోశాడు. టాంకు పాడైపోతోంది, వారంలో కొత్త పాచి పట్టించకపోతే గుడ్లు దక్కవు, ఇన్నాళ్లు ఆ తల్లి తిండి మానేసి కూర్చున్నది వృథా అయిపోతుందని ఆమె నెమ్మదిగా చెబుతోంది. బతిమాలుతోందని అర్థమైంది. అప్ప బతిమాలడం అతను ఎన్నడూ చూడలేదు.

నూకరత్నం కళ్లు తుడుచుకుంది. "ఆ ఆక్టోపస్‌కి ఎవులూ లేరు వదినా. అందుకే ఒక్కత్తీ కూకుని చచ్చిపోతన్నాది. మీకేటి? మేం లేమా?"

సన్యాసిరావు భార్య వంక చూశాడు, తరవాత అప్ప చెయ్యి వంక చూశాడు. కొత్తలో కడిగితే పోయేదన్నావు కదా అని మెల్లగా అడిగాడు. అవునంది. ఎన్నాళ్ల దాకా పోయేదన్నాడు. వేళ్లూనుకోడానికి ముందు చాలాకాలం పట్టిందని, మధ్యలో ఒక్కసారి తీసేసినా లోపలికి దిగేది కాదేమోనని ఆమె ఆలోచిస్తూ చెప్పింది.

"మరైతే వంతులేసుకుందాం. ఇవాళ ఒకరి చెయ్యి, తరవాత ఇంకొకరిది. వేళ్లు దిగకముందే కడిగేసుకుంటాం. అలివి వల ఒక్కడే లాగుతాడేటి? ఊరంతా లాగుతాది."

పరీక్షించని దాన్ని ఎదుటివాళ్ల ఒంటి మీద పెట్టడానికి తనకి హక్కు లేదంది గౌరీశ్వరి. ఎవరి అనుమతి ఉందనీ అడిగింది.

"నీ ఒంటి మీద పెట్టుకోడానికి ఎవరిచ్చేరు అనుమతి?" అన్నాడు సన్యాసిరావు. ఇన్ని తెలిసిన మనిషి, సాయం అడగొచ్చన్న సంగతి మాత్రం తట్టని మనిషి, తల వంచుకుని కూర్చుంది.

నూకరత్నం గాజులు పైకి జరుపుకుని చెయ్యి చాచింది.

కేంద్రంలో సంగతి తెలిశాక మేత కలిపేవాళ్లూ, గేటు దగ్గరి వాచ్‌మనూ, చదువుకోడానికి వచ్చిన అమ్మాయిలూ ఒక్కొక్కరే ముందుకొచ్చారు. డైరెక్టరు మొదట గాబరాపడి, రెండ్రోజులు తలుపు వేసుకుని, మూడోనాడు చొక్కా చెయ్యి మడిచి వచ్చాడు. ఎవరి మీదా పాచి ఎక్కువకాలం ఉండనివ్వకుండా గౌరీశ్వరి రోజూ అందరి చేతులూ చూసేది. ఒకరి ఒంటి వేడితో ఒకలా, ఇంకొకరితో ఇంకోలా పెరిగిన పాచి గోడల మీద మునుపటికంటే చిక్కగా పట్టింది. వంతులో ఉన్నవాళ్లు ఎండలో నడుస్తూ స్వెట్టరు అడుక్కోవడం, వీధిలో జనం వాళ్లని పిచ్చివాళ్లనుకోవడం కొన్నాళ్లు ఊరికి వేడుకైంది. మీటరు దిగింది. ఆక్టోపస్ మళ్లీ ఇటుకరంగుకి తిరిగింది.

గౌరీశ్వరి చెయ్యి హార్బరు ఐసు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన మంచుతొట్టిలో ఉంది. సన్యాసిరావు పక్కన కూర్చుని మంచు కరిగినప్పుడల్లా పోసేవాడు. కొద్దిరోజుల్లో బూడిదరంగు గీతలు వాడిపోయి, మాయమయ్యాయి. చెయ్యి తేలికైంది, వేళ్లు కదిలాయి, ముట్టుకుంటే అందరి చెయ్యిలాగే వెచ్చగా ఉంది. కానీ లోపలికి దిగిన పాచి వేడినీ చలినీ చెప్పే నరాల్ని తినేసిందని, అవి తిరిగి రావని డాక్టరు చెప్పాడు. ఆమె తల ఊపి, టాంకు సంగతి అడిగింది.

ఉగాది వెళ్లిన వారానికి ఒక పొద్దున్న గుడ్లు పగిలాయి. కబురందేసరికి వంతులో ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ అద్దం ముందు చేరారు. వరిగింజంత పిల్లలు, గాజులా లోపలి గుండె కూడా కనిపించేవి, గుత్తుల్లోంచి జారి నీళ్లలో ఎగిరాయి. తల్లి చివరిసారి వాటి వైపు నీరు ఊది, చేతులు వదిలేసి రాతి మీదికి ఒరిగింది. అది కళ్ల ముందు పోవడం చూసి నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సన్యాసిరావు కళ్లు మాత్రం ఆక్టోపస్ మీద లేవు. అతను అప్పనే చూస్తున్నాడు. ఈమె బతికి ఉంది అన్న మాట ఒక్కటే అతని లోపల మళ్లీ మళ్లీ వినబడుతోంది.

జనం పలచబడ్డాక గౌరీశ్వరి టాంకు పైకెక్కే మెట్ల మీదికి వెళ్లి, మూత తీయించి, ఎడం చెయ్యి నీళ్లలోకి దించింది. ఒక పిల్ల వచ్చి చూపుడు వేలిని పట్టుకుంది. ఆమె మొహం వికసించింది.

"పట్టుకుంది, తెలుస్తంది" అంది. గొంతు తగ్గించి అడిగింది. "నీళ్లు చల్లగా ఉన్నాయేటి సన్యాసీ?"

మీటరు పక్కనే ఉంది. ఆమె అడుగుతున్నది మీటరు చెప్పేది కాదని అతనికి తెలుసు. ఈ ఉక్కపోత ఊళ్లో చలిని పుట్టించిన మనిషికి చలి ఎలా ఉంటుందో ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. అతను పై మెట్టెక్కి, ఆమె చెయ్యి పక్కనే తన చెయ్యి ముంచాడు.

"చల్లగానా? ముందు కొరికీసినట్టుంటాది. తరవాత చర్మం బిగుసుకుపోతాది. ఇప్పుడు ఎముక లాగుతంది అప్పా, చెయ్యి తీసీయమని ఒళ్లంతా గోల పెడతంది."

"అయితే బాగుంది" అంది గౌరీశ్వరి కళ్లు మూసుకుని. "తియ్యకు. ఇంకా చెప్పు."

అతను తియ్యలేదు. పిల్లలు ఇద్దరి వేళ్ల మధ్య నుంచి ఈదుతుండగా, చెయ్యి తిమ్మిరెక్కిపోయే దాకా సన్యాసిరావు చెబుతూనే ఉన్నాడు.